అర సెకను దొంగమ్మ

ఆమె ఉద్యోగం లాక్కోవడం. ఒకటో తారీకున జీతం, ఆదివారం సెలవు, మెడలో ఫొటో అంటించిన కార్డు, అన్నీ ఉన్న పద్ధతైన ఉద్యోగమే. చెప్పుల షాపు పైన రెండో అంతస్తులో వాళ్ల ఆఫీసు. కళ్లద్దాలో, ఫోనో, చెవి మిషనో కొనడానికి వెళ్తే షాపువాళ్లు పనిలో పనిగా ఒక రక్షణ పథకం అంటగడతారు కదా, వస్తువు పోతే వస్తువు ఇస్తామని. ఆ వస్తువు ఇచ్చే ఆఫీసు ఇదే. ఇవ్వకుండా ఉండటానికి దారులు వెతికే ఆఫీసు కూడా ఇదే.

పథకం కాగితాలు పన్నెండు పేజీలు, మొత్తం ఇంగ్లిషు. ఎవరూ చదవకూడదనే అలా రాశారని ఆఫీసులోనే అందరి అనుమానం. అంత ఇంగ్లిషులోనూ మనకి పనికొచ్చే మాట ఒక్కటే: స్నాచ్. ఎవరైనా మీ వస్తువుని స్నాచ్ చేస్తే కొత్తది ఇస్తారు. పోగొట్టుకుంటే ఇవ్వరు. ఎక్కడో మర్చిపోతే ఇవ్వరు. మీరు బస్సులో గుర్రుపెట్టి నిద్రపోతుంటే ఎవడో మీ జేబులోంచి మెల్లగా తీసుకుపోతే, అయ్యో పాపం అంటారు, కుర్చీ వేసి మంచినీళ్లిస్తారు, వస్తువు మాత్రం ఇవ్వరు.

ఆ మాటకి అర్థం చెప్పే అధికారం మేనేజరుది. ఆయన వెనక అందరూ ఆయన్ని డిక్షనరీ అంటారు. బల్ల మీద లావుపాటివి నాలుగు పెట్టుకుని, నెలకోసారి తడిగుడ్డతో తుడుచుకుంటాడు. "ఇంగ్లిషువాడు ఒక్క మాట మన మీద పారేసి చక్కా పోయాడమ్మా. దాని కింద మనకేమో ఇరవై మాటలున్నాయి. ఏది ఇంగ్లిషువాడు ఒప్పుకుంటాడో ఏది ఒప్పుకోడో తేల్చలేక చస్తున్నాను" అని రోజుకోసారి అంటాడు. అనేటప్పుడు ఆయన మొహంలో పరమానందం కనిపిస్తుంది.

వచ్చేవాళ్లు కూడా తక్కువ వాళ్లు కాదు. ఒకాయన కళ్లద్దాలు కెరటం ఈడ్చుకుపోయింది. ఒకావిడ ఫోను కుక్క నోట కరుచుకుపోయింది. ఒక తాతగారి చెవి మిషన్ మనవరాలు పీకి చప్పరించి మింగింది. ఇంకొకాయన గడియారాన్ని బల్ల మీంచి కాకి ఎత్తుకెళ్లింది. కెరటానికి ఉద్దేశం ఉండదు కాబట్టి కుదరదన్నాడు మేనేజరు. మనవరాలికి ఉద్దేశం ఉంది కానీ వేగం లేదన్నాడు. కాకి దగ్గర మాత్రం పూటంతా తర్జనభర్జన పడి, భోజనం కూడా చల్లారబెట్టుకుని, చివరికి కాకికి ఉద్దేశమూ వేగమూ రెండూ ఉన్నాయని తేల్చి కొత్త గడియారం ఇప్పించాడు. అటెండరు ఒకరోజు ఆ డిక్షనరీల దుమ్ము దులుపుతూ, ఇంగ్లిషులో కునుకుని కూడా స్నాచ్ చేయొచ్చని కనిపెట్టాడు. అప్పట్నుంచి మధ్యాహ్నం రెండింటికి బీరువా వెనక చేరతాడు. లేపితే పేజీ నెంబరు చెప్తాడు.

అర్థం తేలాక డెమో. ఇది ఆ ఆఫీసు ఆచారం. జరిగింది జరిగినట్టు చేసి చూపించాలి. గది మధ్యలో నేలకి బోల్టులు బిగించిన ఒక కుర్చీ ఉంటుంది. వచ్చినవాళ్లు అందులో కూర్చోవాలి. పోయిన వస్తువు లాంటి రబ్బరు బొమ్మ వాళ్లకి తగిలిస్తారు. అటెండరు వీడియో తీస్తాడు, మేనేజరు స్టాప్‌వాచ్ పట్టుకుంటాడు, దొంగ వచ్చి లాక్కుంటుంది. సెకనున్నర దాటితే అది లాక్కోవడం కాదు, తీసుకోవడం. మొదట్లో అటెండరుకే దొంగ వేషం ఇచ్చారు. అతను "ఏమనుకోకండి" అని మొదలుపెట్టేవాడు. అందుకని ఆ పని ఈమెకి వచ్చింది. పదకొండేళ్లు. ఆమె చెయ్యి అర సెకను. ఫోన్ చేసి "దొంగమ్మగారు ఈ పూట ఉన్నారాండీ?" అని అడిగి మరీ వస్తారు జనం.

రోజుకి నాలుగుసార్లు లాక్కునే చెయ్యి ఇంటికెళ్తే మాత్రం ఊరుకుంటుందా. ఇంట్లో ఆమె ఉప్పు డబ్బా అందుకోదు, లాక్కుంటుంది. తువ్వాలు లాక్కుంటుంది. మొగుడి చేతిలోంచి సగం తాగిన టీ గ్లాసు కడగడానికని లాక్కుంటుంది. ఆయన బస్సు డ్రైవరు. అంత బస్సుని సందుల్లో అలవోకగా తిప్పే మనిషి, టీవీ రిమోటు మాత్రం తొడ కింద పెట్టుకుని కూర్చుంటాడు.

ఆ ఇంట్లో ప్రతిపక్షం అత్తగారు. డెబ్బై రెండేళ్లు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడి చెవిలో చింతగింజంత మిషన్. ఆ మిషన్ వినడానికని, కోడలి ఆఫీసు రక్షణ పథకంతో సహా కొనిచ్చాడు కొడుకు. ఆవిడ మాత్రం దాన్ని వినకుండా ఉండటానికి వాడుతుంది. కోడలి గొంతు కాస్త లేచిందో, చెవిలోంచి మిషన్ తీసి గుప్పిట్లో పెట్టుకుంటుంది. ఇక అక్కడితో సరి. కోడలు చెట్టంత ఎత్తున ఎగిరినా ఆవిడ ప్రశాంతంగా చూస్తూ ఉంటుంది. మధ్యమధ్యలో "ఊఁ, ఊఁ" అని తల కూడా ఊపుతుంది. పదేళ్లుగా ఇదే వరస. తిట్టినా భరించొచ్చు గానీ ఆ తల ఊపడాన్ని భరించడం ఎవరి తరం.

పోయిన మంగళవారం పొద్దున పైవాటా ఆవిడ మెట్ల మీద కనపడి, "మీరు ఆఫీసులో దొంగ అట కదా! మీ అత్తగారు చెప్పారు" అని నవ్వింది. కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. సరాసరి వంటింట్లోకి వచ్చి, "పదిమందిలో నన్ను దొంగని చేస్తారా?" అని అందుకుంది. కిటికీ దగ్గర కూరలు తరుగుతున్న అత్తగారు చాకు కింద పెట్టి, చెవిలోంచి మిషన్ తీసి, గుప్పిట మూసింది. "ఊఁ" అంది.

చెయ్యి తనంతట తనే వెళ్లింది. గుప్పిట విడదీసి మిషన్ లాక్కుంది. కానీ ఆఫీసులో రబ్బరు బొమ్మలు చేతికి అతుక్కుంటాయి. ఇది నున్నటిది. వేళ్ల మధ్యనుంచి జారి, కిటికీ అంచుకి తగిలి, నాలుగు అంతస్తులు దిగింది. కింద మురుగు కాలువ మూత నెలకొకసారి తీస్తారు. ఆ రోజే తీశారు.

ఇక ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, హాయిగా ఉండొచ్చు అని ఆమె ఒక్క పూట అనుకుంది. అనుకున్నందుకు తర్వాత చాలా సిగ్గుపడింది. అత్తగారు గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది, ఎవరైనా తలుపు కొడితే తెలియదని. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా ఆవిడకి తెలియలేదు. సాయంత్రం రేడియో పెట్టి, చెవి దానికి ఆనించి, కాసేపు చూసి, ఆపేసింది. కొడుకు మాట్లాడుతుంటే ఆయన పెదవుల వంక బడిపిల్లలా చూస్తోంది. తిట్టలేదు. ఒక్క మాట అనలేదు. ఆవిడ తిట్టకపోయేసరికి కోడలికి ముద్ద దిగలేదు. ఇంకో మిషన్ కొనడమంటే మాటలు కాదు. ఆమె జీతం ఇంటి అద్దెకి, మొగుడి జీతం తక్కిన అన్నిటికీ సరిపోతున్నాయి.

మూడో రోజు అత్తగారు ఒక కాగితం తెచ్చి కోడలి ముందు పెట్టింది. కోడలి ఆఫీసు ఫారమే. ఎప్పుడు వెళ్లి తెచ్చుకుందో తెచ్చుకుంది. అందులో గుండ్రటి అక్షరాలతో, వీధి మలుపులో మీసాలవాడొకడు వెనకనుంచి వచ్చి తన చెవి మిషన్ లాక్కుపోయాడని రాసి ఉంది.

కోడలు క్యాలెండర్ కాగితం చింపి దాని వెనక రాసి చూపించింది: "ఇది అబద్ధం కదా అత్తయ్యా."

"అబద్ధమేంటే!" అంది అత్తగారు. వినపడనివాళ్లు ఎంత గట్టిగా మాట్లాడతారో అంత గట్టిగా. "లాక్కోవడం నిజం. పోవడం నిజం. మీసం ఒక్కటే నేను కలిపింది."

కోడలు మళ్లీ రాసింది: "నేనే లాక్కున్నానని రాయండి."

"రాస్తే నీ ఉద్యోగం ఊడదూ?"

ఊడుతుంది. అది ఆఫీసులో చేరిన రోజే సంతకం పెట్టించుకున్న నిబంధన. వేరే బ్రాంచిలో ఎవడో ప్రబుద్ధుడు బంధువులందరి ఫోన్లూ తనే లాక్కుని, అందరికీ కొత్తవి ఇప్పించుకున్నాడు. అప్పట్నుంచి, సిబ్బందిలో ఎవరైనా పథకంలో ఉన్న వస్తువుని స్నాచ్ చేస్తే ఆ రోజే ఇంటికి పంపుతారు. ఈ సంగతి ఒకప్పుడు భోజనాల దగ్గర కోడలే చెప్పింది. అప్పుడు అత్తగారి మిషన్ చెవిలోనే ఉన్నట్టుంది.

"నాకు మిషన్ కావాలి, నీకు ఉద్యోగం కావాలి. నోరు మూసుకుని నీ దొంగతనం నువ్వు చెయ్యి" అని తేల్చేసింది ఆవిడ.

శుక్రవారం పదకొండింటికి డెమో. బంధువు కాబట్టి వేరే దొంగ చేస్తే బాగుంటుందేమో అని కోడలు నసిగింది. మేనేజరు అటెండరు వంక చూశాడు. అటెండరు అప్పటికే అత్తగారికి "ఏమనుకోకండమ్మా" అంటున్నాడు. "మీరే కానివ్వండి" అన్నాడు మేనేజరు.

అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని, పెళ్లి చూపులకొచ్చినంత ఠీవిగా బోల్టుల కుర్చీలో కూర్చుంది. చెవిలో రబ్బరు మిషన్ పెట్టారు. మేనేజరు ప్రశ్నలు పెద్ద పెద్ద అట్టల మీద రాసి చూపిస్తుంటే, ఆవిడ గది అదిరేలా సమాధానాలు చెప్పింది. మనిషి పొడుగు. మీసం ఒత్తు. చొక్కా గళ్లది. పారిపోయేటప్పుడు కుంటాడు కూడా. కుంటిన సంగతి ఫారంలో లేదు, అప్పటికప్పుడు తోచింది. కోడలు గోడ వంక చూస్తూ నిలబడింది. ఆవిడ ఇంకో రెండు నిమిషాలు మాట్లాడితే ఆ మీసాలవాడికి పెళ్లాం బిడ్డలు కూడా పుట్టుకొస్తారని భయపడింది.

"వెనకనుంచి. రెడీ?" అన్నాడు మేనేజరు.

ఆమె కుర్చీ వెనక్కి బయల్దేరింది. వెనక్కి వెళ్లాలంటే ముందు నుంచే వెళ్లాలి, గది అంత ఇరుకు. వెళ్తూ వెళ్తూ, అలవాటైన మనిషి కదా, "కాస్త కదలకుండా కూర్చోండి అత్తయ్యా" అంది. అది చాలు. కోడలు ఎదురుగా రావడం, నోరు కదలడం అత్తగారి కంటపడ్డాయి. పదేళ్లుగా ఆ రెండూ కలిసి కనపడితే ఆవిడ చేసే పని ఒక్కటే. చెవిలోంచి మిషన్ తీసింది. గుప్పిట మూసింది. "ఊఁ" అంది.

కోడలి చెయ్యి కూడా ఏమీ ఆలోచించలేదు. గుప్పిట విడిపోయింది, రబ్బరు మిషన్ కోడలి వేళ్లలో ఉంది.

"ఇటు తే మాయదారిదానా!" అని కేక పెట్టింది అత్తగారు. "మళ్లీ కిటికీలోంచి పారేస్తావు!"

మేనేజరు వాచ్ నొక్కాడు. అర సెకను. అటెండరు, ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి, వీడియో తీస్తూనే ఉన్నాడు. అత్తగారు తన నోటినుంచి ఏం వచ్చిందో తనకే అర్థమై, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేనేజరు చెడ్డవాడు కాదు. మాటల పిచ్చి ఉన్నవాడు, అంతే. ఫారం తీసుకుని, మీసాలవాణ్ణి నిలువునా చింపి చెత్తబుట్టలో వేశాడు. వీడియో ఆపమన్నాడు. తర్వాత చాలాసేపు తన నాలుగు పుస్తకాలూ తిరగేశాడు. ఎక్కడో ఒకచోట వేలు ఆగింది. కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"అమ్మా, దారి ఒకటుంది" అన్నాడు కోడలితో. "హక్కు లేనివాళ్లు లాక్కుంటేనే స్నాచ్. హక్కున్నవాళ్లు తీసుకుంటే, ఎంత విసురుగా తీసుకున్నా, అది స్నాచ్ కాదు. తల్లి పిల్లాడి చేతిలోంచి కత్తెర లాక్కుంటే దొంగ అంటామా? అలాగే ఇదీ. మీ అత్తగారు, నా చేతిలోది తీసుకునే హక్కు నా కోడలికి ఉంది అని రాసిస్తే, మీరు నిబంధన తప్పినట్టు కాదు. ఉద్యోగానికి ఢోకా లేదు."

"మిషన్?"

"స్నాచ్ కానప్పుడు మిషన్ ఎలా ఇస్తానమ్మా? హక్కు లేదని రాస్తే మిషన్ వస్తుంది. అప్పుడు మీరు..." ఆయన మిగతాది చెప్పలేక కళ్లజోడు తుడుచుకున్నాడు.

అదంతా పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి అత్తగారికి చూపించాడు. కింద రెండు వాక్యాలు: హక్కు ఉంది. హక్కు లేదు. ఒకటి ఉంచి ఒకటి కొట్టేయాలి. ఆవిడ అట్ట దగ్గరికి లాక్కుని, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివింది. కోడలి వంక చూసింది. కోడలికి ఒక్కసారిగా భయమేసింది. ఆవిడ ఏది కొట్టేస్తుందో ఆమెకి తెలిసిపోయింది. ఉద్యోగం పోతుందని వేసిన భయం కాదది. పోదని వేసిన భయం.

"ఇందులో ఆలోచించేదేముంది" అంది అత్తగారు, వీధిలోకి వినపడేలా. "ఈ వయసులో నేను వినాల్సినవి ఏమున్నాయి కనక? ఉన్నదల్లా దీని అరుపులే. పెన్నివ్వండి బాబూ." పెన్ను తీసుకుని, హక్కు లేదు అన్న మాట మీద గీత పెట్టబోయింది.

కోడలు ఆ పెన్ను లాక్కుంది. అట్ట కూడా లాక్కుంది. అక్కడే నిలబడి, హక్కు ఉంది అన్న మాటని అట్ట చిరిగేలా నాలుగుసార్లు కొట్టేసి, కింద రాసింది: "లాక్కున్నది నేనే. కోపంతో లాక్కున్నాను. నాకు ఏ హక్కూ లేదు." సంతకం పెట్టి మేనేజరు ముందుకి తోసింది. కళ్లు తుడుచుకోవడానికి ఏమీ దొరక్క, డిక్షనరీలు తుడిచే గుడ్డ అందుకుంది.

అత్తగారు మెడ సాచి తలకిందులుగానే చదివింది. చదివి ఒంటికాలి మీద లేచింది.

"ఏ హక్కూ లేదా? మరి పదేళ్లుగా నా వంటింట్లో ఏం పీకుతున్నావే?"

మేనేజరు ముద్ర వేశాడు. మిషన్ వారం రోజుల్లో ఇంటికి వస్తుందన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, పదకొండేళ్లలో ఇలాంటి చెయ్యి చూడలేదని, ఇకముందు చూడబోనని, రేపట్నుంచి రానక్కర్లేదని, ఈ మూడూ ఒకే వాక్యంలో చెప్పాడు.

"ఏమంటాడే?" అంది అత్తగారు.

కోడలు కాగితం ముక్క మీద రాసింది: "మిషన్ వారంలో వస్తుందట."

"నా సంగతి కాదు. నీ సంగతి?"

కోడలు పెన్ను మూత పెట్టేసింది. అత్తగారు ఆమె మొహం చూసింది. మేనేజరు మొహం చూసింది. బీరువా పక్కన కళ్లొత్తుకుంటున్న అటెండరుని చూసింది. కుర్చీలోంచి లేచి, చెయ్యి చాపి, కోడలి మెడలోని కార్డు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. దాని క్లిప్పు ఎగిరి ఎక్కడో పడింది. మేనేజరు చెయ్యి అలవాటు కొద్దీ స్టాప్‌వాచ్ మీదకి వెళ్లింది గానీ, నొక్కేలోపే అయిపోయింది. ఆవిడ కార్డు తీసుకెళ్లి డిక్షనరీల మీద పడేసింది.

"పదవే. ఇంటికెళ్లి పోట్లాడుకుందాం" అని కోడలి జబ్బ పట్టుకుని మెట్ల వైపు నడిచింది.

"దానికింకా వారం ఆగాలి అత్తయ్యా" అంది కోడలు. ఆవిడకి వినపడలేదు.